ఆరు లక్షలకు బెల్లంపల్లిలో ఇల్లు

ఆరు లక్షలకు నూట యాభై గజాల్లో ఇల్లు అంటే హనుమకొండలో ఎవరూ నమ్మరు. మేం అద్దెకున్న నయీంనగర్ వైపు ఆ డబ్బుకు బండి పెట్టుకునే జాగా కూడా రాదు. అందుకే బెల్లంపల్లి నుంచి మా పెద్దమ్మ కూతురు ఫోన్ చేసి, "మా గల్లీల ఇల్లు అమ్ముతున్నరే, ఆరు చెప్తున్నరు, బేరమాడితే ఇంకింత తగ్గుతది" అన్నప్పుడు నాకు ముందు అనుమానమే వచ్చింది.

మా సంగతి కొంచెం చెప్పాలి. మా ఆయన రైస్ మిల్లులో గుమాస్తాగా చేసి మానేశారు. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని, ఇంకెన్నాళ్లో చేయలేను. పిల్లలిద్దరూ హైదరాబాద్‌లో ఉంటున్నారు. మాకు పింఛను లేదు. ఉన్నదల్లా దాచుకున్న తొమ్మిది లక్షల చిల్లర. 2023 జులై వానలకు నాలా పొంగి ఇంట్లోకి నీళ్లు వచ్చినప్పటి నుంచి ఆయనకు అద్దె ఇంటి మీద మనసు విరిగింది. "ఎక్కడైనా సరే, మనదంటూ ఒక గోడ ఉండాలి" అనేది రోజూ వినే మాట. ఆ మాట నాకూ బాగానే ఉంటుంది కానీ, ఆ గోడ ఎవరి నేల మీద ఉందో కూడా చూడాలి కదా.

కాజీపేటలో రైలెక్కి, పెద్దపల్లి, రామగుండం దాటి, గోదావరి బ్రిడ్జి మీదుగా మంచిర్యాల, ఆ తర్వాత రవీంద్రఖని, మందమర్రి, బెల్లంపల్లి. ఒకప్పుడు ఈ ఊరంతా బాయి పని, అంటే బొగ్గు గని పని మీదే నడిచింది. సింగరేణిలో 1990ల మొదట్లో లక్ష దాటి ఉన్న కార్మికులు ఇప్పుడు నలభై వేలకు అటూఇటూ. ఊళ్లో పాత అండర్‌గ్రౌండ్ గనులు మూతపడ్డాయి, కొత్తగా వచ్చినవన్నీ ఎక్కువగా ఓపెన్‌కాస్టులు, అవీ దూరంగా. విచిత్రం ఏమిటంటే, బెల్లంపల్లి ఏరియా పేరు మీదున్న సింగరేణి జనరల్ మేనేజర్ ఆఫీసు కూడా బెల్లంపల్లిలో లేదు, గోలేటిలో ఉంది. పని పోయిన చోటు నుంచి మనుషులు పోతారు, మనుషులు పోయిన చోట ఇళ్లు చవకవుతాయి. ఇంతవరకు అర్థమైంది. కానీ ఊరు చచ్చిపోయిందనేవాళ్ల మాట నేను ఒప్పుకోను. పొద్దున మార్కెట్‌లో కూరగాయల దగ్గర నిలబడటానికి చోటు లేదు. రిటైరైనవాళ్లు, చిన్న వ్యాపారాలవాళ్లు, చుట్టుపక్కల పల్లెలవాళ్లు, అందరూ అక్కడే ఉన్నారు.

ఇల్లు చూడగానే మా ఆయన పడిపోయారు. ముందు వేపచెట్టు, పక్కన చేదబావి, రెండు గదులకు బెంగుళూరు పెంకులు, వెనక తర్వాత కట్టిన రేకుల వంటగది. బొగ్గు పొయ్యి మీద ఏళ్ల తరబడి వండిన వంటగది కాబట్టి గోడలు నల్లగా మెరుస్తున్నాయి, సున్నం వేసినా ఆగేలా లేదు. బావిలో నీళ్లు చూసి ఆశ్చర్యపోతే మా బావ నవ్వాడు. ఆయన బాయిలో పనిచేసి రిటైరైన మనిషి. "బాయి నడిచినన్ని రోజులు మోటార్లు పెట్టి కింద నీళ్లన్నీ తోడేటోళ్లు మరదలా. అప్పుడు ఈ బావిల చుక్క లేకుండె. మూసినంక నీళ్లు మల్ల పైకచ్చినయి."

వంటగది మూలలో కిటికీ దగ్గర నుంచి పైదాకా పగులు ఉంది. అది చూసి నా గుండె జారింది. కింద గనులున్న ఊరు కదా. బావ తనతో పాటు సర్వే సెక్షన్లో చేసిన ఒక పెద్దాయనను పిలిపించాడు. ఆయన చెప్పింది ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే ఇలాంటి ఊళ్లలో ఇల్లు చూసేవాళ్లెవరికైనా పనికొస్తుంది. భూగర్భ గనిలో ముందు గ్యాలరీలు తవ్వుతూ మధ్యమధ్యలో బొగ్గు పిల్లర్లు వదిలేస్తారు. పైకప్పును మోసేది అవే. తర్వాత కొన్నిచోట్ల ఆ పిల్లర్లు కూడా తీస్తారు. తీసిన చోట ఇసుక నింపితే పైన నేల పెద్దగా కదలదు. నింపకుండా కూలనిస్తే పైన నేల కుంగుతుంది. ఊళ్ల కింద, రైలు పట్టాల కింద మామూలుగా పిల్లర్లు ఉంచేస్తారు, లేదా ఇసుక నింపుతారు. "కానీ మామూలుగా అన్న మాట మీద ఇల్లు కొనద్దమ్మా" అని కూడా ఆయనే అన్నాడు.

మరి చూసి ఎట్లా తెలుస్తుంది? కుంగుడు పగులు ఒక్క గోడకు ఆగదట. వరసగా రోడ్డు దాటి పక్కింటి గోడలో, ఎదురింటి అరుగులో అదే దారిలో కనబడుతుంది. గచ్చు ఒక పక్కకు వాలుతుంది, తలుపులు పట్టుకుంటాయి. గచ్చు మీద గోలీ వదిలి చూశాం, పెద్దగా దొర్లలేదు. పక్కింటివాళ్లను అడిగి లోపలికి వెళ్లి గోడలు చూశాం. వాళ్లు చాయ్ పోసి మరీ చూపించారు. మా పగులు సరిగ్గా పాత గోడకు కొత్త వంటగది అతికిన చోట ఉంది. మట్టితో కట్టిన పాత గోడ, సిమెంటుతో కట్టిన కొత్త గోడ రెండూ ఒకే తీరుగా ఉండవు కదా, అతుకు విడిపోయింది. అంటే ఆ భయం చాలావరకు తీరింది.

తీరనిది కాగితాల సంగతి.

అమ్మేది చనిపోయిన కార్మికుడి కొడుకు, కరీంనగర్‌లో పని. ఆయన తండ్రి ఆ ఇల్లు 1998లో కొన్నాడు. కొన్నట్టు ఉన్న కాగితం వంద రూపాయల బాండ్ పేపర్ మీద నోటరీ. దాంతోపాటు మున్సిపాలిటీ ఇంటి నంబరు, పన్ను రసీదులు, కరెంటు బిల్లు. స్థలం మాత్రం మొదటి నుంచీ సింగరేణిది. బాయి కోసం తీసుకున్న భూమిలో కార్మికులు గుడిసెలు వేసుకున్నారు, గుడిసెలు ఇళ్లయ్యాయి, ఇళ్లు చేతులు మారాయి. బొగ్గు ఊళ్లలో ఇలాంటి బస్తీలు ఎన్నో. ఇలాంటి భూముల్ని సింగరేణి ప్రభుత్వానికి అప్పగించిన చోట ఉంటున్నవాళ్లకు జీవో 76 కింద పట్టాలు ఇచ్చారు. మా అక్కవాళ్లకు వచ్చింది. అమ్మే ఇంటికి రాలేదు. సర్వేకు వచ్చినప్పుడు తాళం ఉందట.

"ఈడ అందరియి గట్లనే ఉంటయి. నలభై ఏండ్ల సంది ఎవలనన్న లేపిన్రా?" అన్నాడు బావ. నిజమే, ఎవరినీ లేపలేదు. ఆ బస్తీలో ఉండేవాడి దృష్టిలో అది పూర్తి సమాధానం. ఎందుకంటే ఆయన అక్కడే పుట్టిపెరిగినవాడు, పక్కన పదిమంది ఉన్నారు, యూనియన్ ఉంది. మేం వేరే జిల్లా నుంచి ఉన్న డబ్బంతా పట్టుకుని వచ్చేవాళ్లం.

హనుమకొండలో మా స్కూలు మేడం తమ్ముడు వకీలు. కాగితాల జిరాక్సులు తీసుకెళ్లి ఆయన ముందు పెట్టాను. ఆయన మొదటి ప్రశ్న: "ఈసీ తీశారా?" ఈసీ అంటే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, ఆస్తి లావాదేవీలు చూపే కాగితం. తీశాం, అందులో ఏమీ రాలేదు. మా ఆయన దాన్ని చూసి ఏ లావాదేవీ లేదు, క్లియర్ అని సంబరపడ్డారు కూడా. వకీలు నవ్వి, ఈసీలో కనబడేవి రిజిస్టర్ అయిన లావాదేవీలు మాత్రమే, ఈ ఇల్లు ఎప్పుడూ రిజిస్ట్రేషన్ ఆఫీసు గడపే తొక్కలేదు, ఇక అందులో ఏం కనబడుతుంది అన్నారు. 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఇల్లు, జాగా అమ్మకం రిజిస్టర్ కావాల్సిందే. నోటరీ అంటే సంతకాలు పెట్టినవాళ్లు ఎవరో చూసి ముద్ర వేయడమే, దాంతో ఇల్లు మన పేరు మీదికి రాదు. ఇంటి పన్ను రసీదు పన్ను కట్టినట్టు చెబుతుంది, అంతే. బ్యాంకు ఈ కాగితాల మీద లోను ఇవ్వదు. రేపు మా పిల్లలు అమ్ముకోవాలన్నా మళ్లీ బాండ్ పేపర్ మీద కొనేవాడినే వెతుక్కోవాలి.

"పట్టా మేమే తెచ్చుకుంటే?" అని అడిగాను. ఎన్నాళ్ల నుంచి ఆ ఇంట్లో ఉంటున్నామో రుజువులు చూపాలి, నిన్నగాక మొన్న వచ్చిన మీకు ఆ రుజువులు ఎక్కడివి అన్నారు. అంటే పట్టా అడగగలిగేది అమ్మే అతనే. ఒకవేళ పట్టా వచ్చినా, అమ్ముకోవడం గురించి అందులో ఏ షరతు రాశారో చదివాకే డబ్బు మాట ఎత్తమన్నారు.

ఈ మధ్యలో మందమర్రిలో ఇంకా చవకగా ఒకటుందని ఒక బ్రోకర్ వెంటపడ్డాడు. అది ఏజెన్సీ పరిధి, అంటే గిరిజన ప్రాంతం. 1/70 చట్టం ఉన్నచోట మాలాంటి గిరిజనేతరులు స్థిరాస్తి కొంటే ఆ అమ్మకమే చెల్లదు. దాన్ని అక్కడితో వదిలేశాం.

మిగతా విషయాలు తొందరగానే తేలాయి. ఎండాకాలం ఆ ప్రాంతంలో నలభై ఐదు డిగ్రీలు మామూలే, రేకుల వంటగదిలో మధ్యాహ్నం నిలబడలేం. మా ఆయనకు షుగర్, పెద్ద డాక్టరు కావాలంటే మంచిర్యాల పోవాలి. నడవడానికి ఊరు బాగుంది, పలకరించే మనుషులున్నారు. అక్క పక్కనే ఉంటుంది, నాకు అది చాలా పెద్ద విషయం.

అసలు లెక్క వేసింది మా చిన్నది, ఫోన్‌లోనే. ఆరు లక్షలు బ్యాంకులో ఏడు శాతానికి వేస్తే ఏడాదికి నలభై రెండు వేలు, నెలకు మూడు వేల ఐదు వందలు. ఆ గల్లీలో అలాంటి ఇంటికి అద్దె రెండున్నర వేలు. కొంటే పెంకులు, బాత్రూం, కరెంటు వైరింగ్ కలిపి ఇంకో లక్షన్నర. "అమ్మా, వడ్డీతో అద్దె కట్టి ఇంకా వెయ్యి మిగులుతుంది కదా" అంది. మా ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఆయనకు కావాల్సింది గోడ, లెక్క కాదు. నాకు ఆయన మీద కోపం రాలేదు కానీ, ఆ వేపచెట్టు కింద కుర్చీ వేసుకోవడానికి సేల్ డీడ్ అవసరం లేదు అని మాత్రం అన్నాను.

గల్లీలో తిరిగితే తాళాలు వేసిన ఇళ్లు చాలా ఉన్నాయి. గోడల మీద "అమ్మబడును" అని సున్నంతో రాసిన అక్షరాలు వెలిసిపోయాయి. అంటే కొనడం ఎంత తేలికో అమ్మడం అంత కష్టం. ఆగడం వల్ల మాకు పోయేదేమీ లేదు.

అందుకని అమ్మే అతన్నే ఇల్లు అద్దెకు అడిగాం. "అమ్ముతా అంటే అద్దెకిమ్మంటరేందక్కా?" అని మొదట విసుక్కున్నాడు. తాళం వేసి ఉంటే పెంకులు జారి వానకు గోడలు కూలతాయి, మనుషులుంటే ఇల్లు నిలబడుతుంది అని బావ నచ్చజెప్పాడు. పదకొండు నెలల అగ్రిమెంటు రాయించాం.  బాత్రూం మేం బాగు చేయించుకుంటే ఆ ఖర్చు అద్దెలో పట్టుకోవాలి. పట్టాకు అతను దరఖాస్తు పెట్టుకోవాలి. వస్తే ముందు మాకే చెప్పాలి. అప్పుడు కూడా ఆరు లక్షలకే ఇస్తానని రాయమంటే మాత్రం ససేమిరా అన్నాడు. "పట్టా అస్తే అప్పటి రేటే" అన్నాడు. అతని జాగాలో ఉంటే నేనూ అదే అంటాను. అప్పటి రేటుకు మా దగ్గర డబ్బు సరిపోతే చూస్తాం, లేదంటే అద్దెకే ఉంటాం.

ఈ విద్యా సంవత్సరం అయ్యాక సామాను తీసుకెళ్లాలి. ఇప్పటికి తేలనిది పెంకుల ఖర్చు ఒక్కటే. వానలకు ముందే పెంకులు సర్దించాలి. అది ఇంటాయన పని అని మేం, ఉండేవాళ్ల పని అని అతను. బావ మధ్యలో చెరిసగం అంటున్నాడు. మా ఆయన మాత్రం అప్పుడే పెంకులు ఎక్కే మనిషితో కూలి మాట్లాడేశారు.