హాయిగానా, జాబిలా?

ఇప్పటి పిల్లలకు చెప్తే నవ్వుతరు గానీ ఒక్క పాట ఏ సినిమాలదో తెలుసుకోనీకి నాకు దగ్గర దగ్గర రెండేండ్లు పట్టింది.

ఎనభైల చివర్ల సంగతి. దేవరకొండ నుంచి నల్లగొండకు పోతుంటే మల్లేపల్లిల బస్సు ఆగింది, పక్కన హోటల్ల రేడియో మోగుతుంది, పాట అప్పటికే సగం అయిపోయింది. ఘంటసాల, సుశీల, గొంతులైతే గుర్తువట్టిన. 'ఆకాశ వీధిలో' అని మళ్ల ఎత్తుకున్నరు, తర్వాత ముక్క వినేలోపట కండక్టర్ విజిల్ ఊదిండు.

వివిధ భారతిల సినిమా పేరు, పాడినోళ్లు, రాసినోళ్లు అన్నీ చెప్తరు, కాకపోతే పాటకు ముందు చెప్తరు. మధ్యల విన్నోనికి ఏం దొరుకుతది? అడిగిన పాటలు వేసే జనరంజని ప్రోగ్రాంకు రాద్దామని 15 పైసల పోస్టు కార్డు తెచ్చుకుని కూసున్న, కానీ సినిమా పేరు కాడ ఏం రాయాలె? అదే కదా నాకు కావాల్సింది. ఆ కార్డు మీద అక్క ఇంకెవరికో ఉత్తరం రాసుకుంది.

ఇంట్ల అడిగితే నాయిన ఆలోచించకుండనే "మల్లీశ్వరి" అన్నడు. సుశీల పాడింది నాయినా అంటే, "అది భానుమతిరా, నీకేం ఎరుక" అని కసురుకున్నడు. పక్కింటాయన గూడ మల్లీశ్వరే అన్నడు, సార్ గూడ అదే అన్నడు, ఇంతమంది చెప్పినంక నా చెవుల మీద నాకే అనుమానమొచ్చింది. ప్రకాశం బజార్ల క్యాసెట్ కొన్న. పాట మస్తుగుంది, కానీ నాది గాదు.

చివరికి మా మేనత్త కొడుకు పెండ్లిల మైక్‌సెట్ ఆయన దొరికిండు. స్పీకర్ వైరు పండ్లతోని కొరుక్కుంటనే నా కూనిరాగం విన్నడు, విని ఒకటే అడిగిండు: "ఆకాశ వీధిలో తర్వాత హాయిగా అని వస్తదా, జాబిలి అని వస్తదా?"

జాబిలి! గప్పుడు యాదికొచ్చింది.

"అయితే మాంగల్య బలం, నాగేశ్వర్రావు సావిత్రిది. మీ నాయిన చెప్పింది 1951ది, ఇది 1959ది. ఇద్దరు మొదలువెట్టుడు ఒక్కతీరే మొదలువెట్టిన్రు." మల్లీశ్వరి పాట కృష్ణశాస్త్రి రాస్తే ఇది శ్రీశ్రీ రాసిండని గూడ ఆయనే చెప్పిండు.

2002ల లండన్ దిక్కు షాజమ్ వచ్చినప్పుడు 2580కి ఫోన్ కొట్టి పాట వినిపిస్తే పేరు మెసేజ్ వచ్చేదంట. అది గూడ అసలు పాట వినిపిస్తేనే. కూనిరాగం తీస్తే గుర్తువట్టే విద్య గూగుల్‌కు 2020ల గానీ రాలేదు, మా మైక్‌సెట్ ఆయన వైరు కొరుక్కుంటనే జేసిండు.

తెల్లారే, మనకు కావాల్సిన పాటలు క్యాసెట్ల ఎక్కించి ఇచ్చే రికార్డింగ్ షాపుకు ఉరికిన. సిక్స్టీ క్యాసెట్, అంటే రెండు సైడ్లు కలిపి గంట, పన్నెండు పాటల లిస్టు, నా పాట బి సైడ్ల ఆఖరుకు రాసిన. ఇంటికొచ్చి పెట్టుకుంటే పాట మంచిగ పోతుంది పోతుంది, చరణం మధ్యల టక్కున ఆగింది. క్యాసెట్ పట్టుకుని మళ్ల పోయి లొల్లి పెట్టుకుంటే, "టేపు గంతే ఉందన్నా, నేనేడికెల్లి తేవాలె" అన్నడు.