పాత కాగితం ఉండగానే మళ్లీ టైపింగ్

మా ఊరి రక్తదాన శిబిరానికి ఈసారీ సూచనల కాగితం మొదటి నుంచి టైప్ చేశారు. నిరుటిది లేక కాదు. అది డీటీపీ షాపులో ‘అను’ అనే పాత రకం తెలుగు ఫాంట్లలో చేసింది. అందులోని మాటలు ఫోన్లోకి కాపీ చేస్తే తెలుగు పోయి పిచ్చి గుర్తులొస్తాయి. అసలు ఫైలేమో మా సంఘం పాత కార్యదర్శి సొంత మెయిల్‌లో ఉంది, ఆయన బెంగళూరు వెళ్లిపోయారు.

కొత్త పిల్లలు ఎంతో ఇష్టంగా రాశారు, కాదనను. కానీ రెండు రక్తదానాల మధ్య మగవాళ్లకు 90 రోజులు, ఆడవాళ్లకు 120 రోజులు గడవాలని పాతదాంట్లో స్పష్టంగా ఉండేది. కొత్తదాంట్లో అందరికీ 90 అని పడింది. డాక్టరుగారు చూసి ఆపారు కాబట్టి సరిపోయింది. నాకైతే గుండె ఝల్లుమంది.

ఇప్పుడు ఆ కాగితాన్ని, ఫోన్లోకి కాపీ చేసినా తెలుగు చెడని యూనికోడ్‌లో టైప్ చేయించి, సంఘం పేరు మీదున్న మెయిల్‌లో పెట్టించాం. పాస్‌వర్డ్ కనీసం ఇద్దరి దగ్గర ఉండాలని పట్టుబట్టాను.