ఎనిమిది మంది టెంటులో ఆరుగురం

డిసెంబరు, రెండో వారం

మా ఇంట్లో ఆరుగురం: నేను, నా భార్య, ఇద్దరు పిల్లలు, మా అమ్మ, మా అత్తమ్మ. సెలవుల్లో ఊరి బయట రెండు రాత్రులు గడపాలంటే ఇంతకాలం రెండు చిన్న డోమ్ టెంట్లు వాడుతూ వచ్చాము. పిల్లలు ఎవరి పక్కన పడుకోవాలన్న పంచాయితీ తెగేసరికి రాత్రి తొమ్మిదయ్యేది. పెద్దవాళ్ళిద్దరూ మోకాళ్ళ మీద పాకుతూ లోపలికి పోవలసి వచ్చేది. ఒక తెల్లవారుజామున బయటికి రాలేక అవస్థపడిన అమ్మ "నాయనా, ఇది ఇల్లా, కోళ్ళ గంపా?" అని అడిగిన రోజే, మనిషి నిలబడి చీర సర్దుకోగలిగినంత ఎత్తున్న టెంటు కొనాలని నిశ్చయించుకున్నాను.

సంచి మీద ‘ఇంతమందికి’ అని అచ్చువేసిన సంఖ్యను నమ్మి టెంటు కొనకూడదని చిన్న టెంట్లతోనే తెలిసింది. ఆ లెక్కలో మనిషికి వచ్చే వెడల్పు సుమారు 60 నుంచి 70 సెంటీమీటర్లు. స్లీపింగ్ బ్యాగులో కదలకుండా పడుకొనే మనిషికి అది సరిపోతుంది గానీ, బొంత పరచుకొని పక్కకు ఒత్తిగిలి పడుకొనే మనవాళ్ళకు చాలదు. అందుకని ఒక రాత్రి అందరి పడకలనూ హాల్లో వరుసగా పరిపించి టేపుతో కొలిచాను. 4 మీటర్ల 70 సెంటీమీటర్లు వచ్చింది. 260 సెంటీమీటర్ల వెడల్పున్న రెండు పడకగదులు, నడుమ 195 సెంటీమీటర్ల ఎత్తున్న ఖాళీ జాగా కలిగిన ఎనిమిది మంది టెంటు మా ఆరుగురికి సరిగ్గా సరిపోతుందని ఆ టేపే చెప్పింది. కొన్ని రకాల పేర్లలోనే ఈ లెక్క దాగి ఉంటుంది: కెచువా కంపెనీ వారి అర్పెనాజ్ టెంట్ల వరసలో 4.1 అంటే నలుగురు మనుషులు, ఒక గది, 6.3 అంటే ఆరుగురు, మూడు గదులు. అక్కడ కూడా ముందున్న అంకెలోంచి రెండు తీసేసి చూసుకోవడం మంచిది.

నూలు కాన్వాసు టెంటు మీద కొంతకాలం మనసు పోయిన మాట నిజం. అది గాలి పీలుస్తుంది, ఎండలో పాలియెస్టరంత కాగదు. కానీ ఈ పరిమాణంలో మోయలేనంత బరువుంటుంది, తడిస్తే మన కార్తీక మాసపు ముసురులో ఎన్నటికీ ఆరదు. కాబట్టి పాలియెస్టరే తీసుకున్నాను. నైలాను తడిసినప్పుడు సాగి వేలాడుతుంది, పాలియెస్టరు అంతగా సాగదు.

ఇక నీటిని ఆపే శక్తిని మిల్లీమీటర్లలో చెబుతారు. గుడ్డ మీద ఎంత ఎత్తు నీటి స్తంభాన్ని నిలిపితే చుక్క కారడం మొదలవుతుందో ఆ ఎత్తే ఈ అంకె. నేను తీసుకున్న దానికి బయటి పొర 2000, నేల 3000. నేల మీద మోకాళ్ళూ మోచేతులూ ఒత్తిడి పెడతాయి కాబట్టి అక్కడ ఎక్కువ ఉండాలి. ఇంతకంటే పెద్ద అంకెలున్న టెంటు అదే ధరలో దొరికింది గానీ దానికి ఒకటే తలుపు, దోమతెర కిటికీలు అరచేయంత. ఈ పెద్ద టెంట్ల పుట్టినిల్లు చలిదేశాలు. అక్కడ వాననూ ఈదురుగాలినీ ఆపడం మొదటి పని. మన దగ్గర ఏడాదిలో ఎనిమిది నెలలు గాలిని లోపలికి రానివ్వడమే మొదటి పని. అందుకే రెండు కొసలా తలుపులు, పడకగదులకు పైసగం దోమతెర ఉన్నదాన్ని ఎంచుకున్నాను. బరువు 17 కిలోలు. కారు డిక్కీలో అది పెట్టాక గ్యాసు స్టవ్వుకు మాత్రమే చోటు మిగిలింది.

జనవరి, మొదటి ఆదివారం

కొత్త టెంటును బయటికి తీసుకుపోయే ముందు ఇంటి దగ్గర ఒకసారి నిలబెట్టి చూడాలి. తిరుపతిలో మా వీధిలో సిమెంటు తప్ప నేల కనబడదు కాబట్టి మిద్దె మీదికి మోశాము. నా తెలివి అక్కడ బయటపడింది. డోమ్ టెంటు కడ్డీలు ఒకదాన్నొకటి దాటుతూ వంగి తమంతట తామే నిలుస్తాయి. మేము కొన్నది టన్నెల్ టెంటు, గూడుబండి పైకప్పులాంటిది, వరుసగా వంచిన కడ్డీలను రెండు కొసల నుంచీ తాళ్ళతో లాగి పట్టి ఉంచితేనే అది నిలుస్తుంది. మేకు దిగని సిమెంటు మీద అది మూడుసార్లు లేచి మూడుసార్లు పడుకుంది. చివరికి 20 లీటర్ల మంచినీళ్ళ క్యాన్లు ఆరు తెప్పించి, ఒక్కొక్క క్యాను మెడకు ఒక్కొక్క తాడు కట్టాక గానీ దాని రూపం కనబడలేదు.

ఎదురింటి వేడుకకు షామియానా కడుతున్న టెంట్ హౌస్ మనిషి ఈ తతంగమంతా చూసి, ఉండబట్టలేక పైకి వచ్చాడు.

"సార్, తాడు కిందికి లాగితే నిలవదు, దూరంగా లాగాల. నేలలో మేకు కొట్టేటప్పుడు కూడా తల టెంటు అవతలికి వంచి కొట్టాల. ఇట్లా లోపలికి వంచితే గాలికి ఊడొచ్చేస్తాది."

"మరి తాడు బిగించే ఈ ప్లాస్టిక్ బిళ్ళలు జారుతున్నాయి కదన్నా?"

"అవి తీసి పక్కన పెట్టండి సార్," అని తాడు నడుమ ఒక ఉచ్చు వేసి, కొసను క్యాను మెడ చుట్టూ తిప్పి తెచ్చి, ఆ ఉచ్చులోంచి దూర్చి వెనక్కి లాగాడు. తాడు వీణ తీగలాగా బిగిసింది. కొసను రెండు మడతలుగా దోపి ముడివేశాడు. విప్పేటప్పుడు ఒక్క లాగుతో ఊడింది. మంచుకు కూడా జారని ముడి అది. ఆ సాయంత్రం దాన్ని నాతో కలిసి నా కూతురు ఇరవైసార్లు వేసి నేర్చుకుంది. ఇప్పుడు నాకంటే బాగా వేస్తుంది.

మరో పాఠం: కడ్డీని గుడ్డ గొట్టంలోకి ఒకవైపు నుంచి తొయ్యాలే గానీ రెండోవైపు నుంచి లాగకూడదు. లోపల సాగే తాడు మీద గుచ్చిన ముక్కలు కాబట్టి లాగితే నడుమ విడిపోతాయి. మావాడు లాగాడు. విడిపోయిన ముక్కను గొట్టం లోపలే తడుముకుంటూ కలపడానికి పావుగంట పట్టింది. మొత్తం నిలబెట్టడానికి ఆ రోజు 70 నిమిషాలు.

జనవరి, కనుమ మరుసటి రోజు

మొదటి మకాం దామలచెరువు దగ్గర మా మేనమామ మామిడితోపులో. తలకోన దగ్గరే కదా, శేషాచలం అడవిలో వెయ్యవచ్చు కదా అని అడిగేవారున్నారు. అది ఎర్రచందనం పెరిగే రక్షిత అడవి. అనుమతి లేకుండా రిజర్వు అడవిలోకి అడుగుపెట్టడం 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం ప్రకారం నేరం, పైగా చిరుతలు తిరిగే చోటు. మా మకాములన్నీ తెలిసినవారి పట్టా భూముల్లోనే.

రాత్రి బాగా మంచు పడింది. చలి అని అమ్మ, అత్తమ్మ అన్ని జిప్పులూ వేయించారు. తెల్లవారి చూస్తే బయటి పొర లోపలివైపు నీటి చుక్కలు బారులు తీరి ఉన్నాయి, తగిలితే జలజలా రాలుతున్నాయి. కొత్త టెంటు ఒక్క వాన కూడా చూడకుండానే కారుతోందని అత్తమ్మ దిగులుపడింది. కారడం కాదు. ఆరుగురి ఊపిరిలోని తేమకు బయటికి దారి లేక, మంచుకు చల్లబడిన గుడ్డకు తగిలి నీరయింది. రెండో రాత్రి పైనున్న గాలి కన్నాలు తెరిచి, రెండు తలుపుల పైసగాన్ని దోమతెర మీదే వదిలి, చలికి అదనంగా ఒక్కొక్క దుప్పటి ఇచ్చాను. తెల్లవారి గుడ్డను చేత్తో తడిమితే చెమ్మ మాత్రమే తగిలింది.

ఫిబ్రవరి

అదే తోపు, పూత సమయం. ఇకమీదట ఈ నెలలో మామిడి కింద టెంటు వెయ్యను. పూత మీది తేనెమంచు పురుగు వదిలే జిగట తుంపరగా రాలి, ఉదయానికి గుడ్డంతా బెల్లం పాకం చల్లినట్టయింది. దాని వెంట చీమలు. సబ్బు లేకుండా గోరువెచ్చని నీళ్ళతో మెత్తటి గుడ్డ పెట్టి తుడవడానికి ఒక ఆదివారం పోయింది. డిటర్జెంటు పెడితే నీటిని ఆపే పూత దెబ్బతింటుంది.

మే, మూడో వారం

ఎండాకాలంలో తిరుపతి చుట్టుపక్కల టెంటు అన్న ఆలోచనే వద్దు. మదనపల్లె పట్టణం సుమారు 700 మీటర్ల ఎత్తున ఉంది, హార్స్‌లీ హిల్స్ 1265 మీటర్లు. వెయ్యి మీటర్లు ఎక్కితే ఆరు డిగ్రీల దాకా తగ్గుతుందన్న లెక్కన అటువైపే పోవాలి. పలమనేరు వైపు తోటకు కూడా పిలుపు వచ్చింది గానీ, కౌండిన్య అభయారణ్యం ఏనుగులు పొలాల మీదికి దిగే ప్రాంతం కాబట్టి వద్దనుకొని, కొండ దిగువన ఒక స్నేహితుడి బీడు పొలంలో దిగాము.

నేల రాయిలా ఉంది. టెంటుతో వచ్చిన సన్న తీగ మేకులు మొదటి సమ్మెట దెబ్బకే కొక్కేల్లా వంగిపోయాయి. ఇలా అవుతుందని అనుమానించి, ముందే కమ్మరి దగ్గర 8 మిల్లీమీటర్ల ఇనుప కడ్డీని 35 సెంటీమీటర్ల ముక్కలుగా కోయించి, ఒక కొస కోసుగా సాగదీయించి, రెండో కొస వంకీ తిప్పించి ఇరవై మేకులు చేయించాను. ఒక్కొక్కటి 140 గ్రాములు, మొత్తం దాదాపు 2 కిలోల 800 గ్రాములు. బరువే, కానీ ఒక్కటీ వంగలేదు. పీకేటప్పుడు రెండో మేకును దాని వంకీలో దూర్చి మెలితిప్పితే వచ్చేస్తుంది.

టెంటు నీడలో ఉండాల్సింది మధ్యాహ్నం కాదు, ఉదయం. మధ్యాహ్నం ఎవరూ లోపల ఉండరు. తెల్లవారి ఏడు దాటగానే నేరుగా ఎండ పడితే నిద్రపోతున్న పిల్లలు చెమటతో లేస్తారు. అందుకని తూర్పువైపు చింతచెట్టు ఉన్న చోటు చూసి, దాని కొమ్మల కింద కాకుండా నీడ పడే దూరంలో వేశాను. గాలి వచ్చే దిక్కుకు టెంటు కొసను తిప్పి ఉంచాలి. పక్కను తిప్పితే తెరచాపలాగా గాలి పడుతుంది. రెండో సాయంత్రం మామిడి జల్లుకు ముందు వీచే సుడిగాలి వచ్చినప్పుడు ఈ పద్ధతి పనిచేసింది. ఉరుములు దగ్గరపడగానే మాత్రం అందరం టెంటు వదిలి కారులో కూర్చున్నాము. మెరుపులకు పాలియెస్టరు రక్ష కాదు, ఒంటరి చెట్టు అసలే కాదు.

నిలబెట్టిన సమయం, ముగ్గురితో: 35 నిమిషాలు.

నవంబరు, మొదటి వారం

మన వైపు అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులైన సంగతి ఎవరమూ మరవలేదు కాబట్టి, వాయుగుండం హెచ్చరిక ఉంటే కదిలే ప్రశ్నే లేదు. ఒక మోస్తరు వానలో టెంటును పరీక్షించాలని మళ్ళీ మామ తోపుకే వెళ్ళాము.

రాత్రి రెండింటికి నా కూతురు లేపింది. "నాన్నా, కింద చల్లగా మెత్తగా ఉంది." టార్చి వేసి చూస్తే ఆమె గది మూలలో టెంటు నేల నీళ్ళపడకలా ఉబ్బి కదులుతోంది. మోకాలు ఆనిస్తే గుడ్డలోంచి చెమ్మ పైకి వస్తోంది. తప్పులు రెండూ నావే. టెంటు కింద పరచిన నీలం టార్పాలిన్ పట్టా అంచులు చుట్టూ ఒక జానెడు బయటికి వచ్చి ఉన్నాయి. పైనుంచి జారిన వాన నీళ్ళు మట్టిలోకి ఇంకకుండా ఆ అంచు మీద పడి, పట్టాకూ టెంటు నేలకూ నడుమకు చేరాయి. పట్టా టెంటు కంటే నాలుగు వేళ్ళు చిన్నదిగా ఉండాలి, మిగిలిన అంచును కిందివైపుకు మడవాలి. రెండో తప్పు ఉదయం మా మామ చూసి చెప్పాడు.

"పాదు తవ్వేది నీళ్ళు నిలవడానికే కదరా అల్లుడా, దాంట్లో పోయి పడుకుంటివే!"

నిజమే, ఆ మూల చెట్టు పాదులో ఉంది. చీకటిపడ్డాక వేసినందువల్ల చూసుకోలేదు. బయటి పొర మాత్రం ఎక్కడా కారలేదు. ఒక కుట్టు మీద నీరు దిగకుండా అంటించిన టేపు కాస్త లేచి ఉంటే, ఇంటికి వచ్చాక కుట్లకు పూసే జిగురు పట్టించాను.

నవంబరు, రెండో వారం

తడి టెంటును సంచిలో ఒక్కరోజు మించి ఉంచితే బూజు పడుతుంది, లోపలి పూత కాలక్రమంలో జిగటగా మారి పొరలు పొరలుగా ఊడుతుంది. అందుకని వచ్చిన రాత్రే హాల్లో కుర్చీల మీద పరిచి ఫ్యాను వేసి, మరునాడు తెరిపివ్వగానే మిద్దె మీద ఆరవేశాము. తిరుపతి మిద్దెలంటే కోతులు ఉంటాయి. కర్ర పట్టుకొని అత్తమ్మ కాపలా కూర్చుంది. ఆమె కాఫీకి దిగిన అయిదు నిమిషాల్లోనే ఒకటి వచ్చి దోమతెరను జానెడు మేర చీల్చింది. తెరను సూదీదారంతో కుట్టి, పైన మరో ముక్క వేశాను.

పూర్తిగా ఆరడానికి రెండు రోజులు పట్టింది. ఇప్పుడు దాన్ని దాని సంచిలో బిగించి కుక్కకుండా, పాత నూలు దుప్పటిలో వదులుగా చుట్టి బీరువా పైన పెట్టాను. రేకుల గది వేడికి పనికిరాదు. కడ్డీలు విడిగా, తాళ్ళు విడిగా. మేకులు కడిగి లెక్కపెడితే పంతొమ్మిదే ఉన్నాయి. ఇరవయ్యోది మామ తోపులో, ఆ పాదులోనే ఎక్కడో ఉండి ఉంటుంది. సంక్రాంతిలోగా కమ్మరితో మరో నాలుగు చేయించాలి.