స్టీలు డబ్బా, దోమతెర

పాడేరు దాటి ఇంకా లోపలికి, బండి కూడా వాగు ఒడ్డున వదిలేసి నడిచి వెళ్లాల్సిన గూడెంలో టీచరు పోస్టింగ్ అని తెలియగానే ఆన్‌లైన్‌లో ఫస్ట్ ఎయిడ్ కిట్టు ఆర్డర్ పెట్టాను. ఎర్ర సంచి, చూడ్డానికి భలే ఉంది. వంద వస్తువులన్నాడు. విప్పి లెక్కపెడితే అరవై బ్యాండెయిడ్లే!

మొదటి వానాకాలంలోనే దాని సత్తా తెలిసింది. కట్టెలు కొడుతుంటే గొడ్డలి జారి పక్కింటి పెద్దాయన పాదం తెగింది. కంగారులో దూది పెట్టి ఒత్తాను, అది తడిసి పోగులు పోగులుగా గాయానికి అతుక్కుపోయింది. కిట్టులోని గాజుగుడ్డ ముక్కలు అరచేతిలో సగం కూడా లేవు. చివరికి ఆయన భార్య ఉతికిన నూలు చీర చింపి ఇస్తే, మడతపెట్టి గట్టిగా అదిమి, మధ్యలో తీసి చూడకుండా అలాగే పట్టుకు కూర్చున్నాను. పది నిమిషాలకి ఆగింది.

సెలవుల్లో ఊరెళ్లినప్పుడు నర్సుగా చేసే మా వదిన దగ్గర కూర్చుని నేర్చుకున్నాను. తన మోకాలికే క్రేప్ బ్యాండేజ్ కట్టించుకుని, వేళ్లు చల్లబడ్డాయి, బిగువు ఎక్కువైంది అంటూ విప్పించి మళ్లీ కట్టించింది.

ఇక్కడ అసలు భయం పాము. కట్లపాము రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్లని కాటేస్తే ఒక్కోసారి నొప్పి కూడా తెలియదు, తెల్లారేసరికి కనురెప్పలు వాలిపోతుంటాయి. తాడుతో బిగించడం, బ్లేడుతో కోయడం, నోటితో పీల్చడం ఏదీ వద్దు; కాళ్ల పట్టీలు, కడియాలు తీసేసి, కాలికి వెదురు బద్ద కట్టి, అడుగు కూడా వేయించకుండా మోసుకెళ్లాలి. విషానికి విరుగుడు మందు, యాంటీ వెనమ్, ఆస్పత్రిలోనే ఎక్కించాలి. అందుకే నా కిట్టులో మొదటి వస్తువు దోమతెర. నవ్వకండి, అంచులు పరుపు కిందికి దోపి పడుకుంటే పాము లోపలికి రాలేదు.

ఇప్పుడు నాది మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బా. వెడల్పాటి గాజుగుడ్డ, క్రేప్ బ్యాండేజ్‌లు, కత్తెర, థర్మామీటర్, ఓఆర్ఎస్. డబ్బా పక్కనే లీటరు సీసా, ఎందుకంటే ఆ పొడిని గ్లాసుకింత అని అంచనాగా వేసేస్తారు, అలా కాదు, లీటరు ప్యాకెట్టు మొత్తం లీటరు నీళ్లలో ఒకేసారి కలపాలి, 24 గంటలు దాటితే పారబోయాలి.

మూత లోపల ఒక కాగితం అంటించాను. సిగ్నల్ దొరికే బండరాయి ఎక్కడుందో, 108, డోలీ మోసే నలుగురి పేర్లు. అందులో ఇద్దరు పనికి చెన్నై వెళ్లిపోయారు. ఈ ఆదివారం వేరే ఇద్దరిని అడగాలి.