నెమ్ము గోడదా, తాలింపుదా?

“బెడ్‌రూమ్ గోడకు బూజు పట్టడానికి కారణం ఇంట్లో వాళ్ళ వంట పద్ధతి.” బ్రిటన్‌లో అద్దెకుండే మనవాళ్ళ ఇళ్ళ తనిఖీ రిపోర్టుల్లో ఈ అర్థం వచ్చే మాట ఏదో ఒక రూపంలో తగులుతూనే ఉంటుంది. పాత ఇళ్ళు బాగుచేసే పనిలో ఉన్నవాళ్ళు ఇలాంటివి చదివి పక్కన పడేయాలి. కానీ చదివిన ప్రతిసారీ ఒళ్ళు మండుతుంది. పోపు మానేస్తే గోడ ఆరిపోతుందా? లెక్కేసి చూద్దాం.

నలుగురున్న ఇంట్లో రోజుకు గాలిలో కలిసే నీరు పది లీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. నిద్రలో ఉన్న మనిషి ఊపిరితోనూ చెమటతోనూ గంటకు సుమారు 40 గ్రాములు వదులుతాడు. నలుగురు, ఎనిమిది గంటలు అంటే 1.3 లీటర్లు, అదీ తలుపులు బిగించుకున్న పడకగదుల్లో. గ్యాస్ విషయానికొస్తే, 3 కిలోవాట్ల బర్నర్ గంటసేపు పెద్ద మంట మీద వెలిగితే మంట నుంచే అర లీటరుకు కాస్త తక్కువ నీరు పుడుతుంది. పైన ఉడికేది సాంబారా, సూపా అని మంట అడగదు. ఆ మాటకొస్తే మనం పప్పు కుక్కర్లో మూత బిగించి ఉడికిస్తాం, ఇంగ్లీషువాళ్ళు పాస్తాకి గిన్నెడు నీళ్ళు మూత లేకుండా మరిగిస్తారు. తాలింపు వాసన కర్టెన్లకు పట్టేస్తుంది, కాదనను. కానీ ముక్కుకు తగిలేది వాసన, గోడను తడిపేది నీరు. తనిఖీకి వచ్చినాయన మొదటిదాన్ని పసిగట్టి రెండోదాని ఖాతాలో రాసేస్తాడు.

మనవైపు నిజంగా తప్పున్న చోటు బట్టలు. మెషీన్లోంచి తీసిన ఐదు కిలోల బట్టలను రేడియేటర్ మీద ఆరేస్తే రెండు లీటర్ల దాకా గదిలోకే పోతుంది. బాత్‌రూమ్‌లో స్టాండు పెట్టి, తలుపు మూసి, ఫ్యాన్ ఆపకుండా ఆరేయడం మేలు.

ఇక గోడ సంగతి. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో ఒకదానికొకటి అంటుకునేలా వరసగా కట్టిన టెర్రస్ ఇళ్ళకు ఎక్కువగా 9 అంగుళాల గట్టి ఇటుక గోడే, మధ్యలో ఖాళీ ఉండదు. బయట ఒకే వరసలో పొడుగు ఇటుక, పొట్టి ఇటుక మార్చి మార్చి కనిపిస్తే అదే గోడ. గోడలోంచి వేడి ఎంత వేగంగా జారిపోతుందో చెప్పే అంకె యూ-వాల్యూ, ఎంత తక్కువైతే అంత మేలు. ఈ గోడకు అది 2 దాటుతుంది. బయట సున్నా, లోపల 20 డిగ్రీలు ఉన్నప్పుడు గోడ లోపలి ముఖం పద్నాలుగున్నర డిగ్రీల దగ్గర ఆగుతుంది. మూలల్లో, బీరువా వెనకాల ఇంకా తక్కువ. గదిలో తేమ 60 శాతం ఉంటే, 15 డిగ్రీల చిల్లర కంటే చల్లబడిన చోటల్లా బూజుకు వీలే. 12కి దిగితే నీళ్ళే చెమరుస్తాయి. అంటే మామూలుగా బతికే ఏ కుటుంబాన్ని పెట్టినా ఈ గోడకు బూజు పడుతుంది. బీరువా జరిపి చూస్తే నల్లచుక్కలు సరిగ్గా దాని వెడల్పు మేరకే, కింద మూల వైపు చిక్కగా ఉంటాయి. వెనక గాలి ఆడక ఆ మేర గోడ వెచ్చబడలేదు, అంతే. 50 మిల్లీమీటర్లు ఎడం పెట్టినా తేడా కనిపిస్తుంది.

తప్పు అద్దెకున్నవాళ్ళ అలవాట్లదేననే వాదన ఎంత దూరం పోయిందో ఇంగ్లండ్‌లోని రాచ్‌డేల్‌లో తెలిసింది. 2020 డిసెంబరులో అవాబ్ ఇషాక్ అనే రెండేళ్ళ పిల్లాడు ఇంటి బూజు వల్ల వచ్చిన శ్వాస జబ్బుతో చనిపోయాడు. సూడాన్ నుంచి వచ్చిన కుటుంబం. వంట, బకెట్ స్నానం అంటూ వాళ్ళ అలవాట్ల మీద ఊహాగానాలు చేశామని ఇంటి యాజమాన్య సంస్థ తర్వాత ఒప్పుకుంది. చెంబూ బకెట్టూ షవర్ కంటే ఎక్కువ ఆవిరి ఎలా పుట్టిస్తాయో ఏ ఇంజనీరూ చెప్పలేడు. ఆ పిల్లాడి పేరుతో వచ్చిన చట్టం 2025 అక్టోబరు 27 నుంచి ఇంగ్లండ్‌లో సోషల్ హౌసింగ్‌కు, అంటే కౌన్సిళ్ళూ హౌసింగ్ సంస్థలూ తక్కువ అద్దెకిచ్చే ఇళ్ళకు, అమల్లో ఉంది: ప్రమాదకరమైన నెమ్ము, బూజు ఉందని చెబితే పది పనిదినాల్లో పరిశీలించాలి, అత్యవసరమైతే 24 గంటల్లో కదలాలి.

మనకు ఎంత చెప్పినా మింగుడుపడని సంగతి ఒకటుంది. వానలో కిటికీ తెరిస్తే ఇల్లు ఆరుతుంది. విశాఖలో వానాకాలం కిటికీ తెరిస్తే పప్పులూ పాపడాలూ మెత్తబడతాయి, బయటి గాలిలో ఘనపు మీటరుకు 24 గ్రాముల దాకా నీరుంటుంది మరి. ఇక్కడ 5 డిగ్రీల జడివానలో కూడా అది ఆరు గ్రాములే. ఆ గాలి లోపలికొచ్చి 20 డిగ్రీలకు వేడెక్కేసరికి తేమ 35 శాతానికి పడిపోతుంది. పొద్దున్నే పది నిమిషాలు ఎదురెదురు కిటికీలు తెరవడం వల్ల గోడల్లో దాగిన వేడి పోదు, గాలి మాత్రమే మారుతుంది. ఫ్యాన్ల లెక్క: బాత్‌రూమ్‌కు సెకనుకు 15 లీటర్లు, వంటింట్లో పొయ్యి పైన హుడ్ అయితే 30, వేరే గోడకైతే 60. గాలిని బయటకు తోయకుండా కార్బన్ ఫిల్టర్‌లో తిప్పి మళ్ళీ గదిలోకే వదిలే హుడ్ వాసన తగ్గిస్తుంది, ఆవిరిని ముట్టుకోదు. తలుపు కింద 10 మిల్లీమీటర్ల సందు లేకపోతే ఏ ఫ్యానైనా వట్టి మోతే.

కింది గోడ నెమ్ము వేరు. ఇక్కడే డబ్బు తగలబడేది. ఉచిత సర్వే అంటూ వచ్చినాయన రెండు ముళ్ళ మీటర్ గోడకు గుచ్చుతాడు, అది కీచుమంటుంది, వెంటనే గోడలోకి రసాయనం ఎక్కించాలంటాడు. ఆ మీటర్ కొలిచేది విద్యుత్ నిరోధకతను, అదీ చెక్క కోసం తయారైన కొలతతో. గోడలో లవణాలుంటే పొడిగా ఉన్నా ఎర్ర దీపమే. అతను గోడకు గుచ్చే ముందు మీరు గొడుగు పట్టుకుని వానలో బయట నిలబడి చూడండి. గట్టర్ జాయింటు కారుతోందా, డౌన్‌పైప్ వెనక గోడ పచ్చగా పాచి పట్టిందా? నేల తడి గోడలోకి ఎక్కకుండా పునాది పైన పలకరాతి పొర ఉంటుంది, డీపీసీ అంటారు. బయటి నేల దానికి 150 మిల్లీమీటర్లు, అంటే రెండు ఇటుక వరసలు కిందుండాలి. దాని మీదికి ఎవరో కాంక్రీటు పోసేసి ఉంటారు. నేల కిందికి గాలి పోయే చిల్లుల ఇటుకలు, ఎయిర్ బ్రిక్కులు, రంగుతోనో మట్టితోనో పూడి ఉంటాయి, చెక్క నేల కింద దూలాల చివర్లు కుళ్ళేది అందుకే.

ఇటుకల మధ్య సిమెంటు ఉంటే ఉలితో కనీసం 25 మిల్లీమీటర్ల లోతు తీసి సున్నం పట్టించాలి. సిమెంటు నీటిని లోపలే బంధిస్తుంది. ఇటుక వాన పీల్చి ఎండకు వదిలేది ఆ సున్నపు సందుల్లోంచే. తడి గోనెపట్టా కప్పి కొన్ని రోజులు కాపాడాలి, మంచు పడే రాత్రుల్లో ఆ పని పెట్టుకోకూడదు. డంగు సున్నం గోడల మధ్య పెరిగిన వాళ్ళకు ఇదంతా కొత్తేం కాదు. మన తాతలకు తెలిసిన విద్యనే ఇక్కడ ‘హెరిటేజ్’ పేరు పెట్టి రెట్టింపు కూలికి అమ్ముతున్నారని ఉక్రోషం మాత్రం ఉంటుంది. కారణం సరిచేశాక గోడ ఆరడానికి నెలకు అంగుళం చొప్పున లెక్కేసుకోండి, అంటే తొమ్మిది నెలలు. ఈలోపు లోపల కొత్త ప్లాస్టర్ వేయొద్దు.

ఆరాకే ఇన్సులేషన్. ఆ పని నాసిగా జరిగితే ఏమవుతుందో 2025లో బ్రిటన్ జాతీయ ఆడిట్ కార్యాలయం చెప్పింది: ప్రభుత్వ పథకాల కింద బయటి గోడ ఇన్సులేషన్ చేయించుకున్న ఇళ్ళలో 98 శాతంలో పెద్ద లోపాలు, లోపలి గోడలకు చేయించుకున్న వాటిలో 29 శాతం. లోపలి వైపు అయితే రేకు తొడిగిన ఫోమ్ బోర్డు కంటే వుడ్ ఫైబర్ బోర్డు ఈ గోడలకు నప్పుతుంది. ఫోమ్ వెనక సందు మిగిలితే ఆవిరి అక్కడికి చేరి చల్లటి ఇటుక మీద నీరవుతుంది, బయటికి కనపడదు. ముందు పాత జిప్సం, వినైల్ రంగు గీకేసి సున్నంతో గోడను చదును చేయాలి. సున్నపు జిగురు బోర్డు వెనకంతా పూసి అతికించాలి, నాలుగు ముద్దలు పెట్టి కాదు. మీద మెష్‌తో 6 మిల్లీమీటర్ల సున్నపు పూత. ఆరడానికి మిల్లీమీటరుకు ఒక రోజు. 40 మిల్లీమీటర్ల బోర్డుకే యూ-వాల్యూ 0.7 దగ్గరికి దిగుతుంది, 60కి 0.5. అంతకు మించి మందం పెంచితే అసలు ఇటుక మరీ చల్లబడి దూలాల చివర్లకు ముప్పు. కిటికీ పక్క చెంపలకు 20 మిల్లీమీటర్లయినా వేయకపోతే బూజు మకాం అక్కడికి మారుతుంది.

అటకలో 270 మిల్లీమీటర్ల గ్లాస్ వూల్ దూది: దూలాల మధ్య 100, అడ్డంగా 170. చూరు దగ్గర గాలికి 50 మిల్లీమీటర్లు వదలాలి. నీళ్ళ ట్యాంకు ఉంటే దాని కింద పరవకూడదు, పైనా పక్కలా కప్పాలి. ఎలక్ట్రిక్ షవర్ కరెంటు కేబుల్‌ను దూది కింద పూడ్చితే కాగుతుంది.

హీటింగ్ దగ్గర మన పొదుపు అడ్డొస్తుంది. ఎవరూ పడుకోని గదిలో రేడియేటర్ కట్టేసి, హాల్లో ఒక్కచోట 23 పెడతాం. హాల్లోని ఆవిరి ఆ చల్లగదికి చేరి గోడ మీద కూర్చుంటుంది. అన్ని గదులూ 16కు తగ్గకుండా, ఉండే గదులు 18-20 మధ్య ఉంచితే చాలు. నిల్వ ట్యాంకు లేకుండా అప్పటికప్పుడు నీళ్ళు కాచే కాంబి బాయిలర్ అయితే రేడియేటర్లకు పంపే నీటిని 60కి దించండి, తిరిగొచ్చే నీరు 55 లోపు ఉంటేనే అది పొగలోని ఆవిరిని నీరుగా మార్చి ఆ వేడినీ రాబట్టే కండెన్సింగ్ పని చేస్తుంది. వేడినీళ్ళ సిలిండర్ ఉన్న ఇంట్లో మాత్రం ఆ నీళ్ళు 60కి చేరాల్సిందే, లేకపోతే అందులో లెజియోనెల్లా అనే జబ్బు బాక్టీరియా పెరుగుతుంది. బయటి వేడిని కరెంటుతో లోపలికి లాగే హీట్ పంప్‌కు ఇంగ్లండ్, వేల్స్‌లో 7,500 పౌండ్ల గ్రాంటు ఉంది, కానీ గోడలు ముగించాకే సైజు లెక్క వేయించండి. ముందే వేయిస్తే పెద్ద యంత్రం అంటగడతారు, తర్వాత అది ఆగుతూ మొదలవుతూ కరెంటు తింటుంది.