చిన్న పట్టణం కొలత

చిన్న గ్రామీణ పట్టణాన్ని అందులోని ఇళ్ల లెక్కతో అంచనా వేయడం పొరపాటని నాకు అనిపిస్తుంది. అక్కడి మందుల దుకాణం, బ్యాంకు శాఖ నిలబడేది చుట్టుపక్కల పల్లెల రాకపోకల మీదే. ఒక సేవ నిలదొక్కుకోవడానికి కనీసం ఎందరు కావాలి, దానికోసం జనం ఎంత దూరం వస్తారు అనే రెండు కొలతలతో జర్మన్ భూగోళ శాస్త్రవేత్త వాల్టర్ క్రిస్టాలర్ 1933లోనే ఈ సంగతిని వివరించారు. కిరాణా దుకాణం ఉన్న ఊళ్లో కంటి వైద్యుడు లేకపోవడానికి కారణం అదే. (ఆయన సిద్ధాంతం నేలంతా చదునుగా ఉందనుకుంటుంది, వాగు పొంగిన రోజున దూరానికి అర్థమే మారిపోతుంది.) జనం తక్కువగా ఉండే ఇలాంటి పట్టణపు తపాలా కార్యాలయంలో పార్సిల్ తూచిన మనిషే ముద్ర వేసి, సంతకం ఎక్కడ చేయాలో వేలితో చూపించి, ఆ మధ్యలోనే వరుసలో ఉన్న ముసలాయన మోకాలి నొప్పి సంగతి అడుగుతాడు. ఒక్క బస్సు రద్దయితే మాత్రం వైద్యుడి గది, బ్యాంకు రెండూ ఒకేసారి ఖాళీ అవుతాయి.