జానెడున్నర ఎక్కువైన కార్లు

కారు కొన్నాను. చెప్పడానికి ఈ రెండు మాటలు చాలు, కొనడానికి మాత్రం ఏడు నెలలు పట్టింది. 2025 సెప్టెంబరులో కార్ల మీద జీఎస్టీ తగ్గిందన్న వార్త విన్నప్పటి నుంచి కడుపు మండుతోంది. అది చల్లారితే రాయబుద్ధి కాదు, అందుకే ఇప్పుడే రాస్తున్నా.

మాది అనంతపురం. హైస్కూల్లో లెక్కలు చెబుతాను. రెండేళ్ళప్పుడు పోలియో వచ్చి ఎడమ కాలు సన్నబడిపోయింది. క్యాలిపర్, అంటే కాలికి ఊతంగా కట్టే పట్టీ, వేసుకొని నడుస్తాను. ఇన్నేళ్ళూ వెనక రెండు చక్రాలు బిగించిన స్కూటర్ మీదే బడికి పోయి వస్తున్నా. ఏప్రిల్‌లో మా జిల్లా ఎండకు 28 కిలోమీటర్లు పోయి బోర్డు ముందు నిలబడితే సుద్దముక్క కూడా బరువుగా ఉంటుంది.

చిన్నప్పుడు నాకు జీపంటే పిచ్చి. ధర్మవరం నుంచి మా పల్లెకు జీపులు తిరిగేవి. లోపల పదిహేను మంది, వెనక వేలాడేవాళ్ళు ఇంకో నలుగురు. నన్ను మాత్రం కాలు చూసి జాలిపడి డ్రైవర్ పక్కన కూచోబెట్టేవాళ్ళు. ఆ జాలి పుణ్యమా అని ఎక్కడ క్లచ్ తొక్కాలో, ఎప్పుడు గేరు మార్చాలో ఐదో తరగతికే కంఠతా వచ్చింది. పెద్దయినాక స్కార్పియో మీదికి మనసు మళ్ళింది. సీమలో తెల్ల స్కార్పియో అంటే ఏమిటో వేరే చెప్పాలా! నా వెనక నాలుగు బండ్లు రానక్కర్లేదు, నా కింద ఒకటుంటే చాలనుకునేవాణ్ణి.

ఇక రూలు సంగతి. కాళ్ళూ చేతుల వైకల్యం 40 శాతం, ఆపైన ఉన్నవాళ్ళకు అప్పట్లో చిన్న కారు మీద జీఎస్టీ 18 శాతమే, సెస్సు లేదు. మిగతావాళ్ళకు పెట్రోల్ చిన్న కారు మీద 28 శాతం, దాని మీద 1 శాతం సెస్సు. చిన్న కారంటే పొడవు 4000 మిల్లీమీటర్లు దాటకూడదు. ఇంజిను పెట్రోల్‌దైతే 1200 సీసీ, డీజిల్‌దైతే 1500 సీసీ దాటకూడదు. కేంద్ర భారీ పరిశ్రమల శాఖ సర్టిఫికెట్ ఇవ్వాల్సి ఉండేది. ఐదేళ్ళ దాకా కారు అమ్మనని మనం రాసివ్వాల్సి ఉండేది. పన్ను వేయకముందు ధర 6 లక్షలనుకుంటే 66 వేలు మిగిలేవి. నా జీతానికి అది చిన్న మొత్తం కాదు.

ఆ రూలు పట్టుకొని కూచుంటే నాకు నచ్చిన బండ్లన్నీ ఒక్కొక్కటే రాలిపోయాయి. స్కార్పియో పొడవు 4456, ఇంజిను 2184 సీసీ, దాన్ని తలుచుకోవడమే తప్పు. సెల్టోస్ మా పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో తయారయ్యే కియా కారు. 2019 ఆగస్టులో మొదటి బండి బయటికొచ్చినప్పుడు మా బడి పిల్లల చేత చార్టు కూడా వేయించాను. 2022లో జిల్లాలు విడదీసి పెనుకొండను శ్రీ సత్యసాయి జిల్లాలో కలిపారు గానీ, నా లెక్కలో అది ఇప్పటికీ మాదే. నేను చూసేనాటికి దాని పొడవు 4365. అంటే 365 మిల్లీమీటర్లు ఎక్కువ. టేపు తీసి చూసుకున్నా, జానెడున్నర. ఆ జానెడున్నర కోసం సొంతూరి కారు నాకు దూరమైంది.

జీపులాంటి బండి థార్ విషయంలో అయితే దేవుడు నాతో ఆడుకున్నాడు. పొడవు 3985. చిన్న డీజిల్ ఇంజిను 1497 సీసీ. రెండూ రూలు లోపలే! ఆ రాత్రి నిద్ర పట్టలేదు, జీపు కల నలభై ఏళ్ళు దాటాక తీరుతుందని. పొద్దున చూస్తే ఆ ఇంజినుకు ఆటోమేటిక్ గేర్లు లేవు. ఎడమ కాలితో క్లచ్ తొక్కే బండి ఒక్కటే. ఆటోమేటిక్ కావాలంటే పెద్ద ఇంజిను తీసుకోవాలి, అది రూలు దాటుతుంది. సోనెట్ డీజిల్ ఆటోమేటిక్ అన్నిట్లో సరిపోయింది, నా బ్యాంకు ఖాతాకు తప్ప.

చివరికి టాటా పంచ్ ఆటోమేటిక్ దగ్గర ఆగాను. 3827 మిల్లీమీటర్లు, 1199 సీసీ. నిజానికి దాన్ని ఎంచుకున్నది పొడవు చూసి కాదు, తలుపు చూసి. దాని తలుపు 90 డిగ్రీలు, పూర్తిగా తెరుచుకుంటుంది. క్యాలిపర్ మడతపడకుండా ముందు కూచొని తర్వాత కాలు లోపలికి తీసుకోవచ్చు. సీటు కూడా ఎత్తుగానే ఉంటుంది. నాలాంటివాళ్ళు కారు చూడబోతే మైలేజీ తర్వాత అడగండి, ముందు పదిసార్లు ఎక్కి దిగండి.

షోరూంకు బావమరిదిని తోడు తీసుకుపోయాను. తప్పు నాదే. సేల్స్ కుర్రాడు గంటసేపు వాడితోనే మాట్లాడాడు. 'సార్‌కు డ్రైవర్ ఉన్నారా?' అని నా ముందే వాణ్ణి అడిగాడు. మీరు తోడుగా ఎవరినైనా తీసుకుపోతే బయట టీ కొట్టు దగ్గర కూచోబెట్టండి.

ఇంతవరకూ పర్వాలేదు. లైసెన్సు దగ్గర పడింది అసలు దెబ్బ. ఏ ఆఫీసో చెప్పను, ఆ వరండాలో నిలబడినవాళ్ళకు తెలుస్తుంది.

ఎల్ఎల్ఆర్, అంటే నేర్చుకునేటప్పుడు ఇచ్చే లైసెన్సు, సులువుగానే వచ్చింది, కంప్యూటర్ ముందు కూచొని ప్రశ్నలకు జవాబులు పెడితే అయిపోయింది. నెల దాటినాక లైసెన్సు పరీక్షకు స్లాటు బుక్ చేసుకొని పోయాను. కౌంటర్లో ఆయన కాగితాలు చూడలేదు, కాలు చూశాడు.

"ఏమప్పా, కారుకా? నడుచు, చూద్దాం."

నా వెనక ముప్పై మంది ఉన్నారు. అందులో ఇద్దరు నా దగ్గర చదువుకున్నవాళ్ళు. ఆ వరండాలో ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాను, మళ్ళీ వెనక్కి నడిచాను. క్యాలిపర్ టక్ టక్‌మని చప్పుడు. సంతలో ఎద్దును కొనేవాడు కూడా ఇంకొంచెం మర్యాదగా చూస్తాడు.

"ఎడమ కాలు పని చెయ్యదు. క్లచ్ ఎట్ల తొక్కుతావు?"

"ఆటోమేటిక్ సార్. దాంట్లో క్లచ్చే ఉండదు."

"సరే, బండికి ఏం మార్పులు చేయించినావు?"

"ఏ మార్పూ అక్కర్లేదు సార్. బ్రేకు, యాక్సిలరేటరు రెండూ కుడి కాలితోనే."

"మార్పు లేకుంటే అది వికలాంగుల బండి ఎట్లయితుందప్పా? నీ పేరు మీద వికలాంగుల బండి అని రిజిస్టరైంది తీసుకురా, పరీక్ష పెడతాం."

లెక్కల మాస్టారిని కదా, నాకు అర్థమైంది ఇది: లైసెన్సు కావాలంటే కారు కొనాలి. లైసెన్సు వస్తుందో రాదో తెలియకుండా ఏడు లక్షలు పెట్టి కొనాలి. కొన్న కారుకు, అవసరం లేని మార్పు ఒకటి చేయించాలి. అదేం మార్పో ఆయనకూ తెలియదు. బ్రేకును చేత్తో నొక్కే కడ్డీ పెట్టించు అన్నాడొకాయన. నా చేతులు బాగున్నాయి, కుడి కాలు బాగుంది, మరి ఆ కడ్డీ ఎవరికి?

ఆటోమేటిక్ నేర్పేటప్పుడు రెండు కాళ్ళూ బాగున్నవాళ్ళకు కూడా మొదట చెప్పేది ఎడమ కాలు పక్కన పెట్టుకొమ్మనే. నాది నలభై ఏళ్ళుగా పక్కనే పెట్టి ఉంది. ఈ మాట అక్కడ అనలేదు, ఇంటికొచ్చి మా ఆవిడతో అన్నాను. "ఆడ మాట్లాడకుండా ఈడ మాట్లాడతావే" అంది.

రెండోసారి పోతే మెడికల్ సర్టిఫికెట్లో '52 శాతం' అని ఉంది గానీ 'నడపగలడు' అని లేదన్నారు. పెద్దాసుపత్రికి పోయి బోర్డు డాక్టర్ చేత రాయించుకొచ్చా, ఆయన పాపం నిమిషంలో రాసిచ్చాడు. మూడోసారికి ఇన్‌స్పెక్టర్ లీవు. వరండాలో తిరిగే బ్రోకర్ ఒకడు చెవిలో చెప్పాడు, ఎనిమిది వేలిస్తే నడవక్కర్లేదట. ఇచ్చేద్దామా అని ఒక్క నిమిషం అనిపించిన మాట నిజం. ఆ ఇద్దరు పాత విద్యార్థులు గుర్తొచ్చి ఇవ్వలేదు. దేశం పోలియో నుంచి బయటపడిందని 2014 మార్చిలో ప్రకటించారు, బడిలో మిఠాయి పంచింది నేనే. ఇంకొన్నేళ్ళకు మాలాంటివాళ్ళు ఆ వరండాలో కనిపించరు, వాళ్ళకు నడిపించి చూసే పనీ తప్పుతుంది.

నాలుగోసారి బావమరిది బెంగళూరు నుంచి తన ఆటోమేటిక్ కారు తెచ్చాడు. కొత్త ఇన్‌స్పెక్టర్ వచ్చాడు, కుర్రవాడు. నా కాలు వైపు చూడకుండా 'ఎక్కండి సార్' అన్నాడు. అంతే. ట్రాకు మీద ఎనిమిది అంకె తిప్పాను, రివర్సులో పార్కింగ్ చేశాను, ఒక్క కోనూ తగల్లేదు. నాకు ముందు పోయిన కుర్రాడు, రెండు కాళ్ళూ భేషుగ్గా ఉన్నవాడు, మూడు కోన్లు పడేశాడు. గొప్ప కోసం చెబుతున్నానని మీరనుకుంటే, అవును, గొప్ప కోసమే చెబుతున్నా.

భారీ పరిశ్రమల శాఖ సర్టిఫికెట్ ఆన్‌లైన్‌లో పెడితే వచ్చేసింది. రిజిస్ట్రేషన్ అప్పుడు ఫారం 20లో యజమాని రకం దగ్గర 'దివ్యాంగజన్, జీఎస్టీ రాయితీతో' అని నింపారో లేదో నా కళ్ళతో చూసుకున్నా. 2020 నుంచి ఆ గడి ఉంది, షోరూం వాళ్ళు మాత్రం మామూలుగా నింపేశారు. నాది రెండుసార్లు దిద్దించా. మా అనంతపురం పాత ఏపీ 02 నంబరు అడిగితే నవ్వారు, 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఒకే సిరీస్ కదా సార్ అని.

ఆగస్టు 8న, వరలక్ష్మీ వ్రతం రోజున డెలివరీ తీసుకున్నాం. నిమ్మకాయలు తొక్కించి, టవర్ క్లాక్ చుట్టూ ఒకసారి తిప్పి ఇంటికి తెచ్చా. సరిగ్గా వారానికి ఎర్రకోట మీద నుంచి ప్రధాని దీపావళికి జీఎస్టీ తగ్గిస్తామన్నారు. దీపావళి దాకా కూడా ఆగలేదు. సెప్టెంబర్ 22 నుంచి 4000 మిల్లీమీటర్ల లోపు, 1200 సీసీ లోపు పెట్రోల్ కార్లకు 18 శాతమే. అందరికీ! వరండాలో నడవకుండా, సర్టిఫికెట్ లేకుండా, ఐదేళ్ళ రాతకోతలు లేకుండా.

మా ఎదురింటాయన దసరాకు కొత్త సెల్టోస్ తెచ్చాడు. "మీకు గవర్నమెంటు బాగా తగ్గించిందంట కదా సార్?" అని అడిగాడు. తగ్గించింది అన్నాను, ఇంకేం చెబుతాం. ఆయన ఇంటి పోర్టికో చిన్నది, కారు లోపల పట్టక వెనక భాగం గేటు దాటి రోడ్డు మీదికి వస్తుంది. నిన్న రాత్రి వీధిలో ఎవరూ లేనప్పుడు టేపు తీసుకుపోయి కొలిచాను. గేటు బయట ఉన్నది సుమారు జానెడున్నరే.